రెండు ఎడమ చేతుల కోటు

మా మావయ్య మనుషుల్ని ముఖం చూసి గుర్తుపట్టేవాడు కాదు, భుజాలు చూసి గుర్తుపట్టేవాడు. వీధిలో ఎవరైనా పలకరిస్తే ఆయన చూపు ముందు భుజాల మీద వాలి, అక్కణ్ణుంచి మెడ చుట్టూ తిరిగి, చివరికి తీరిగ్గా ముఖం దాకా వచ్చేది. వాళ్ళు అటు వెళ్ళగానే "కుడి భుజం అరంగుళం కిందికి ఉంటుంది చూశావా" అనేవాడు నాతో. ఆ మాట ఆ మనిషితో మాత్రం జన్మలో అనేవాడు కాదు. కోటు కుట్టేటప్పుడు ఆ భుజం కింద ఒక పొర దూది ఎక్కువ పెట్టి ఊరుకునేవాడు. అది తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డవాడు, తను ఇంత నిటారుగా ఉంటానని అప్పుడే తెలిసినట్టు మురిసిపోయేవాడు.

"మనిషి వంకర మనిషికి చెప్పకూడదే అమ్మాయ్. బట్టకి చెప్పాలి" అనేవాడు.

నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు, కాజాలు కుట్టడం నేర్చుకోమని మా అమ్మ నన్ను తన తమ్ముడి ఇంటికి పంపింది. పంపేముందు "వాడు తాగుతాడు, నువ్వు పట్టించుకోకు" అంది. వాన పడేట్టుంది గొడుగు తీసుకెళ్ళు అన్నంత మామూలుగా అంది. నేనూ అంత మామూలుగానే విన్నాను.

వెనక గదుల్లో ఇల్లు, ముందు గదిలో దుకాణం. కటింగు బల్ల సగం గది మింగేసేది. మిగిలిన సగంలో రెండు మిషన్లు, ఇస్త్రీ బల్ల, ఒక మూల పగిలిన నిలువుటద్దం, గోడకి వరసగా మేకులు. ఒక మిషను మీద అత్తయ్య కుట్టేది. కాళ్ళు మిషను తొక్కుతూ ఉంటే పెదవులు మాత్రం బిగించి ఉండేవి, నోట్లో ఎప్పుడూ ఓ నాలుగు గుండుసూదులు ఉండేవి మరి. అందుకే ఆవిడ మాట్లాడాలంటే ముందు సూదులు తీయాలి. సూదులు తీసిందంటే అందరం జాగ్రత్త పడేవాళ్ళం. కిటికీ కింద స్టూలు మీద నేను. తడి బట్ట మీద ఇస్త్రీ పెట్టె పడ్డప్పుడు వచ్చే ఆవిరి వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. ఎక్కడ ఆ వాసన తగిలినా నాకు పద్దెనిమిదేళ్ళు వచ్చేస్తాయి.

ఊళ్ళో అందరూ మావయ్యని మాస్టరు అనేవారు. ఆయన కత్తెర చేత పడితే చూడాలి. సుద్దతో నాలుగు గీతలు గీసి, మిగతాదంతా కంటితోనే కోసేసేవాడు. అరచెయ్యంత పిడి ఉన్న బరువైన కత్తెర అది. బల్ల మీద బట్ట వెంట కరకరమంటూ నడిచిపోయేది. ఆ చప్పుడు ఆగకుండా సాగితే అత్తయ్య మిషను కూడా హాయిగా సాగేది. ఎక్కడైనా ఆగితే అత్తయ్య తలెత్తి చూసేది.

నేను వెళ్ళిన రెండో ఏడుకి ఆ చప్పుడు తరచుగా ఆగడం మొదలైంది. అస్తరు గుడ్డల చుట్టల వెనక ఒక సీసా, గుండీల డబ్బాల వెనక ఒక సీసా. "ఇదే ఆఖరుది" అనేవాడు. ఆయన ఆఖరు సీసాలన్నీ వరసగా పేరిస్తే వీధి చివరి దాకా వచ్చేవి. అయినా ఆయన మీద కోపం నిలిచేది కాదు. తాగినా నవ్వించేవాడు. అదే ఆయన తప్పించుకునే దారి అని తెలుసుకునేంత తెలివి నాకు అప్పుడు లేదు.

అప్పుడే హెడ్మాస్టారి కోటు వచ్చింది.

ఆయన మా వీధి చివరి బడిలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరవుతున్నారు. జీవితంలో మొదటి కోటు. గుడ్డ కూడా ఆయనే తెచ్చుకున్నారు. ముదురు నీలం రంగు ఉన్నిగుడ్డ, లోపలి వైపు మాత్రం కాస్త లేత. సరిగ్గా ఒక కోటుకి చాలేంత. ట్రయలుకి వచ్చినరోజు కోటు ఒళ్ళు మాత్రమే తొడిగి చూశాడు మావయ్య. చేతులు ఇంకా కోయనేలేదు. "చేతులదేముంది మాస్టారూ, చిటికెలో అయిపోతుంది" అన్నాడు. చిటికెలోనే అయిపోయింది. గుడ్డని మడత పెట్టి కోస్తే ఒక కుడీ ఒక ఎడమా వస్తాయి. ఆరోజు ఆయన మడత పెట్టలేదు. పరిచిన గుడ్డ మీద ఒకే నమూనాని ఒకే వైపుగా రెండుసార్లు పెట్టి, రెండుసార్లు కోసి, తాగిన మత్తులో తనే అతికించేశాడు.

సభ సాయంత్రం అయిదింటికి. నాలుగింటికి హెడ్మాస్టారు కోటు కోసం వచ్చారు. ఎడమ చేయి చక్కగా దూర్చారు. కుడి చేయి దూర్చారు. మోచేయి ముందుకు వంగాల్సిన చోట కోటు చేయి వెనక్కి వంగింది. ఆయన అద్దంలో చూసుకుంటూ అలాగే నిలబడ్డారు, ఎవరో వెనకనుంచి చేయి మెలిపెట్టినట్టు.

నేను నవ్వాను.

కావాలని కాదు. ఆపుకోలేక కిసుక్కుమన్నాను. ఆ గదిలో ఇంకెవరూ నవ్వలేదు. మావయ్య ముఖం చూశాక ఆ నవ్వు ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు నాకు.

హెడ్మాస్టారు మెల్లిగా కోటు విప్పి, మడిచి, ముంజేతి మీద వేసుకున్నారు. "పర్లేదు మాస్టరూ. ఇలా వేసుకెళ్తాను. చలి లేదుగా" అన్నారు. సభలో అందరి ముందూ రెండు గంటలు అలాగే కోటు చేతిమీద పెట్టుకునే కూర్చున్నారట. మర్నాటికల్లా ఊరు మావయ్యకి పేరు పెట్టేసింది: ఎడమచేతుల మాస్టరు.

అత్తయ్య నోట్లోంచి సూదులన్నీ ఒక్కొక్కటే తీసి సూదుల దిండుకి గుచ్చింది. లేచి వెళ్ళి బల్ల మీది కత్తెర తీసుకుని తన ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేసింది.

"ఇకనుంచి కత్తెర నాది. రోజూ పొద్దున్నే సూదీ దారం ఇస్తాను. నా కళ్ళముందు ఒక్కసారికి దారం ఎక్కిస్తే ఆ పూట కత్తెర ఇస్తా. ఎక్కకపోతే గుండీలు కుట్టుకోండి. ఇంకొక్క బట్ట తాగి పాడుచేశారా, ఆ కత్తెర ఏ పాతసామాన్లవాడికో ఇచ్చేసి నేను మా అక్క దగ్గరికి పోతాను" అంది.

ఆవిడ ఎన్నడూ ఊరికే బెదిరించే మనిషి కాదు. మావయ్యకి ఆ కత్తెర తప్ప ఇంకో పని తెలియదు. వాళ్ళిద్దరికీ ఉన్న బతుకంతా ఆ ట్రంకు పెట్టెలోకి వెళ్ళిపోయిందని నాకు అప్పుడు అర్థమైంది.

మర్నాడు పొద్దున తొమ్మిదికి అత్తయ్య సూది చాచింది. మావయ్య దారం కొస నోట్లో తడిపి, కన్ను చికిలించి, ఒక్క విసురుకి ఎక్కించాడు. నేను చప్పట్లు కొట్టాను. అత్తయ్య ముఖంలో ఎన్నాళ్ళకో ఒక చిన్న వెలుగు కనిపించింది. రెండో రోజూ అంతే. మూడోరోజూ అంతే. మూడు వారాలపాటు ఆ దారం ఒక్కసారీ తప్పిపోలేదు.

ఇక్కడ నా తప్పొకటి చెప్పాలి. రోజూ ఆయనకి లవంగాలు తెచ్చిపెట్టింది నేనే. పంటినొప్పి అన్నాడు. మొదటి రెండు రోజులు నమ్మాను. మూడోరోజునుంచి నమ్మినట్టు నటించాను. తాగేవాళ్ళ సంగతి అత్తయ్యకి సగమే తెలుసు. మధ్యాహ్నాలు ఆయన చేతులు తడబడటం ఆవిడ చూసింది. పొద్దున్నే, కడుపులో చుక్క పడకముందు, ఆ చేతులు ఎంత వణుకుతాయో చూడలేదు. రెండు గుక్కలు పడితేగాని ఆ వణుకు తగ్గదు. ఎనిమిదిన్నరకి పెరట్లో ఆ రెండు గుక్కలూ వేసుకుని, లవంగం నమిలి, తొమ్మిదింటికి సూది ముందు కూర్చునేవాడు. నన్ను చూసి కన్నుగీటి "నువ్వు నా పార్టీయే కదే" అనేవాడు. నవ్విన పాపానికి, ఆయన పార్టీలో ఉండిపోయాను.

నాలుగోవారం హెడ్మాస్టారి నుంచి కబురొచ్చింది. కోటుతోపాటు కుట్టడానికిచ్చిన రెండు చొక్కాలూ మాస్టరే స్వయంగా తేవాలని. ఒంటరిగా వెళ్ళలేక మావయ్య నన్ను వెంటబెట్టుకుని వెళ్ళాడు. హెడ్మాస్టారు చొక్కాలు అందుకుని, బీరువా తలుపు తీశారు. లోపల నీలం కోటు హ్యాంగరుకి వేలాడుతోంది. రెండు చేతులూ ఒకవైపే తిరిగి ఉన్నాయి.

"ఇంకో చోట బాగుచేయించమని ఇంట్లో ఒకటే పోరు. నేనే ఒప్పుకోలేదు. మీ చేతిలో పాడైంది, మీ చేతిలోనే బాగుపడాలి. తొందరేం లేదు మాస్టరూ, ఇప్పుడు నాకు వెళ్ళడానికి బడి కూడా లేదుగా" అన్నారు.

మావయ్య ఆయన్ని పైనుంచి కిందికి చూడలేదు, భుజాలు కొలవలేదు. నేరుగా ముఖంలోకే చూస్తున్నాడు. నాకు తెలిసి అలా చూడటం అదే మొదలు.

"గురువారం సాయంత్రం మా బడిలో ఒక గదిలో కొంతమంది కూర్చుంటారు. తాగడం మానినవాళ్ళు, మానలేక ఏడ్చేవాళ్ళు. పదేళ్ళుగా తాళం నేనే తీస్తున్నాను. ఇప్పటికీ ఆ తాళంచెవి నా దగ్గరే వదిలేశారు" అన్నారు హెడ్మాస్టారు. "గురువారం నేను తాళం తీసేటప్పటికి మీరు గుమ్మంలో ఉంటే నాకు సంతోషం."

దారి పొడుగునా మావయ్య ఒక్క జోకు కూడా వేయలేదు. గురువారం వెళ్ళాడు. ఆ గదిలో పెద్దాయన ఒకాయన చెప్పాడట, నీ అంతట నువ్వు ఒక్కసారిగా మానకు, ఒంటికి ముప్పు, ముందు డాక్టరు దగ్గరికి పద అని. డాక్టరు ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉంచుకున్నాడు. అత్తయ్య రోజూ వెళ్ళి వచ్చి, మిషను ముందు కూర్చునేది. సూదులు నోట్లో పెట్టుకోవడం కూడా మరిచిపోయేది.

ఆయన ఇంటికొచ్చిన మర్నాటి పొద్దున నాకు నిన్నటిలా గుర్తుంది. కిటికీలోంచి ఎండ బల్ల మీద పడుతోంది. మావయ్య నాలుగు కిలోలు తగ్గి, గడ్డం నున్నగా గీసుకుని, పరీక్షకి వచ్చినవాడిలా కూర్చున్నాడు. అత్తయ్య సూది ఇచ్చింది. ఆయన దారం తడిపాడు. చేయి వణికింది. దారం సూది పక్కనుంచి వెళ్ళింది. మళ్ళీ తడిపాడు. మళ్ళీ వెళ్ళింది. దారం కొస చీలిపోతే కొరికి, మళ్ళీ నలిపి, మళ్ళీ. పదకొండు సార్లు. నుదుటి మీద చెమట పట్టింది. రెండో చేత్తో మణికట్టు పట్టుకున్నాడు, ఇప్పుడు రెండు చేతులూ వణికాయి.

అత్తయ్య ముఖం రాయిలా అయిపోయింది. "ఆసుపత్రి నుంచి వచ్చి ఒక్క రోజు కాలేదు, అప్పుడే మళ్ళీనా" అంది, చాలా మెల్లిగా. లేచి ట్రంకు పెట్టె దగ్గరికి నడిచింది. ఈసారి తాళం వేయడానికి కాదు. కత్తెర తీసి గుడ్డలో చుట్టడం మొదలుపెట్టింది. ఆవిడ అన్నమాట ప్రకారం చేసే మనిషి.

 "నేను తాగలేదే" అని మావయ్య లక్షసార్లు అన్నాడు ఇదివరకు, అన్నీ అబద్ధాలే. నిజమైన ఒక్కసారికి ఆయన దగ్గర మాటే మిగల్లేదు.

 "అత్తయ్యా, ఆగు" అన్నాను. "ఇన్నాళ్ళూ దారం ఎక్కింది తాగినప్పుడే. నాకు తెలుసు. లవంగాలు తెచ్చింది నేనే. తాగితేనే ఆ చేయి ఆగుతుంది. ఇవాళ వణుకుతోందంటే తాగలేదు అత్తయ్యా."

అత్తయ్య నావైపు చూసింది. ఆ చూపు ఎవరికీ వద్దు. తర్వాత మావయ్య దగ్గరికి వచ్చి, పాలు విరిగాయేమోనని గిన్నె వాసన చూసినట్టు, ఆయన నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది. ఒకసారి కాదు, రెండుసార్లు. మందుబిళ్ళల వాసన తప్ప ఇంకేం లేదు. ఆవిడ అలాగే నేల మీద కూలబడింది.

"తాగినవాడికి రోజూ నా చేత్తో కత్తెర ఇచ్చాను. తాగని రోజున తీసుకుపోతున్నాను. ఎంత తెలివి నాది!" అని నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది. మావయ్య కూడా ఏడ్చాడు. నేను సరేసరి.

గుడ్డ విప్పి కత్తెర ఆయన ముందు పెట్టింది. "తీసుకోండి" అంది.

"వద్దే" అన్నాడు మావయ్య. "ఈ చేత్తో కోస్తే బట్ట పాడవుతుంది. బల్ల మీదే ఉండనీ. కనిపిస్తే చాలు."

ఆ రోజునుంచి కత్తెర మళ్ళీ పెట్టెలోకి వెళ్ళలేదు. మావయ్య గుండీలు కుట్టాడు, ఇస్త్రీ చేశాడు, నా పక్కన ఇంకో స్టూలు వేసుకుని కాజాలు కుట్టాడు. ఆయన కాజాలకన్నా నావే బాగుండేవి, ఆ మాట రోజుకి పదిసార్లు ఆయనకి వినిపించేదాన్ని. సాయంత్రాలు పాత వార్తాపత్రికలు పరిచి కాగితం చేతులు కోసేవాడు. కుడి, ఎడమ, కుడి, ఎడమ. కోసినవాటిని జతలు కట్టి మేకులకి తగిలించేదాన్ని. గాలి వీస్తే గోడనిండా చేతులు ఊగేవి. మొదట్లో అంచులు కొండలూ లోయలూ. రెండో నెలకి కాస్త నయం.

గురువారాలు మాత్రం తప్పేవాడు కాదు. చిన్నపిల్లల బెంచీల మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చునేవాళ్ళట అందరూ. "ఒక్కడి భుజాలూ సరిగ్గా లేవే అక్కడ. నావీ అంతే" అన్నాడు ఒకరోజు వచ్చి. తన గురించి ఆయన అలా అనడం వినడానికి నాకు కొత్తగా అనిపించింది.

అంతా సాఫీగా జరిగిపోయిందని చెప్తే అబద్ధం. అయిదో నెలలో ఒక పొద్దున అత్తయ్య ఎప్పటిలా సూది చాస్తే ఆయన అందుకోలేదు. "ఇవాళ ఇవ్వకు. నిన్న సాయంత్రం తాగాను. ఎవరో ఎడమచేతుల మాస్టరూ అని పిలిచారు, అదే వంకగా పెట్టుకుని వెళ్ళాను. తప్పు వాళ్ళది కాదు" అన్నాడు. అత్తయ్య నోట్లోంచి సూదులు తీసింది. నేను స్టూలు మీద బిగుసుకుపోయాను. అత్తయ్య మాత్రం "చెప్పారుగా. గురువారం అక్కడ కూడా చెప్పండి" అని, సూదులు మళ్ళీ నోట్లో పెట్టుకుంది. కత్తెర బల్ల మీదే ఉంది. దారం ఎక్కిందా లేదా అన్నది ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ చూడలేదు. సూది ఇచ్చినప్పుడు ఆయన ఏం చెప్తాడన్నదే చూసేవాళ్ళం. అదే ఆయన తాగిన చివరిసారి. కానీ అది చివరిసారి అని ఆరోజు ఆయనా అనలేదు, మేమూ అనలేదు.

చేయి నిలకడగా నిలిచాక మావయ్య తనే వెళ్ళి హెడ్మాస్టారి కోటు అడిగి తెచ్చుకున్నాడు. అలాంటి గుడ్డ ఇంకెక్కడా దొరకలేదు. మూడు రోజులు కోటుని బల్ల మీద పరిచి దాని చుట్టూ తిరిగాడు. చివరికి ఒక ఎడమ చేయి కుట్లన్నీ విప్పి, గుడ్డని తిరగేశాడు. లోపలిది బయటికి తిప్పితే ఎడమ చేయి కుడి చేయి అవుతుంది. కాకపోతే లోపలి లేతరంగు పైకి వస్తుంది. కుట్టి హెడ్మాస్టారికి తొడిగాడు. మోచేయి ముందుకే వంగింది.

"కుడి చేయి రంగు తేడాగా ఉంది మాస్టారూ. నా వల్ల అయింది ఇంతే. ఇది దాచడానికి లేదు" అన్నాడు.

హెడ్మాస్టారు అద్దంలో కుడి చేయి ఎత్తి చూసుకున్నారు, దించి చూసుకున్నారు. "దాచడం ఎందుకు? అందరూ ఎవరు కుట్టారని అడుగుతారు, చెప్తాను" అన్నారు. మావయ్య తాగక ఏడాది నిండిన గురువారం ఆ కోటు తొడుక్కునే వచ్చి, తాళం తీసి, ఆ చిన్న బెంచీ మీద కూర్చున్నారట. ఎండలు మండిపోతున్నాయి ఆ రోజు.

ఇదంతా జరిగి ఇరవై ఆరేళ్ళు. ఎడమచేతుల మాస్టరు అన్న పేరు మాత్రం పోలేదు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆయన ఎడమచేతి వాటం మనిషి అనుకుంటారు. ఆయన కాదనడు.

పోయిన ఏడు ఒక పొద్దున బల్ల మీద గుడ్డ పరిచి, సుద్దతో గీసి, కత్తెర ఎత్తాడు. పిడిలో వేళ్ళు వణికాయి. ఆ వణుకు ఇంకా ఆ దుకాణంలోనే కుడుతున్న నాకూ కనిపించింది, కిటికీ కింద కూర్చున్న అత్తయ్యకీ కనిపించింది. ఆవిడకి డెబ్భై దాటాయి, అయినా నోట్లో సూదులు అలాగే ఉన్నాయి. మావయ్య కత్తెర పిడి నా వైపు తిప్పి చాచాడు.

"పుచ్చుకోవే."

"ఇది వయసు వణుకు మావయ్యా. కాసేపు కూర్చుంటే పోతుంది" అన్నాను.

"తెలుసు. అప్పుడు నేను వణికితే మీ అత్తయ్య నాకు కత్తెర ఇచ్చింది. ఇప్పుడు వణుకుతుంటే నేను నీకిస్తున్నా. రెండుసార్లూ నేను తాగి లేను. అది చాల్లే నాకు" అన్నాడు.

కత్తెర పిడి ఆయన చేతి వేడితో వెచ్చగా ఉంది. గుడ్డ మీద వంగాను. కళ్ళనిండా నీళ్ళు, గీత కనిపిస్తే ఒట్టు. మావయ్య నా భుజం మీదుగా తొంగి చూసి అడిగాడు.

"ఏ చేయి కోస్తున్నావు?"

"కుడి."

"గుడ్డ మడత పెట్టావా?"

చూశాను. పెట్టలేదు. నాకు కిసుక్కుమని నవ్వొచ్చింది, ఆ రోజు వచ్చినట్టే. భయపడి ఆయన ముఖం వైపు చూశాను. నాకన్నా ముందే నవ్వుతున్నాడు.